మూడో రోజు పొద్దుగూకే దాకా

మనలి, చెన్నై
2-2-1999

అక్క మాబున్నీకి తమ్ముడు నాయబ్ రసూల్ సలాం.

రంజాన్ పండగ ముందు రోజే నీ ఉత్తరం అందింది. జవాబుకు ఇన్నాళ్ళు పట్టినందుకు తిట్టుకోకు. ఈ అక్షరాలు నావి కావని చూడగానే నీకు తెలిసిపోయి ఉంటుంది. కొట్టులో ఎముక నరుకుతుంటే కత్తి జారి బొటనవేలు తెగింది. అందుకని పక్కింటి వరదయ్యగారి చేత రాయిస్తున్నాను. ఆయన ఇక్కడే లారీ ఆఫీసులో గుమాస్తా. వాళ్ళ ముత్తాతల కాలంలోనే ఈ వైపుకు వచ్చేసిన తెలుగువాళ్ళు. మాంసం వాసన గిట్టని మనిషి, అయినా ఉత్తరం అనేసరికి కళ్ళద్దాలు తెచ్చుకుని కూర్చున్నాడు. "నిదానంగా చెప్పప్పా, ఈడ నా చేయి నీ నోరంత స్పీడు పోదు" అంటున్నాడు. ఆ ముక్క కూడా ఆయనే రాసేశాడు చూడు.

నీ మరదలు జైనాబీ బాగుంది. గాలి ఇటు మళ్ళినప్పుడు ఫ్యాక్టరీల ఘాటుకు దానికి దగ్గు వస్తుంది. అది మామూలే.

నీ పొట్టేలు సంగతి చదివి సంతోషపడ్డాను. వచ్చే బక్రీద్‌కు బావ పేరు మీద నీ వాకిట్లో మొదటిసారి ఖుర్బానీ. ఆయన బతికుండగా ఏ ఏడూ ఇవ్వలేకపోయాడు, నువ్వు రెండేళ్ళు పెంచి ఇస్తున్నావు. దాన్ని నా చేత్తోనే కోసి జబా చెయ్యాలని రాశావు. అక్కా, పండగ మూడు రోజులూ నాకు ఇక్కడ ఊపిరాడదు. పోయిన ఏడు ఒక్క కోడంబాక్కంలోనే పదకొండు ఇళ్ళలో కోశాను. ఎప్పట్లా రెండో రోజు రాగలనో లేదో చెప్పలేను. ఈసారికి ఆత్మకూరు నుంచి ఎవరినైనా పిలిపించుకోరాదా? అక్కడి మసీదు పేష్ ఇమాంగారిని అడిగితే మంచి మనిషిని చూపిస్తాడు.

ఆలోచించి రాయి.

తమ్ముడు
నాయబ్


బట్టేపాడు
19-2-1999

తమ్ముడు నాయబ్‌కు అక్క దీవెనలు. జైనాబీకి సలాం.

వరదయ్యగారి రాత ముత్యాలు పేర్చినట్టుంది. ఆయనకు నా నమస్కారం చెప్పు. కానీ ఉత్తరం చివర సంతకం నీది. అది చూశాను.

చిన్నప్పుడు పలక మీద నీ పేరు నీకు దిద్ది నేర్పింది నేను. ఆ 'బ'కు కింద పొట్ట ఎట్లా తిప్పుతావో నాకు తెలుసు. వేలు తెగినవాడి సంతకం ఒక పక్కకు ఒరుగుతుంది, లేకపోతే లోతుగా పడుతుంది. నీది అట్లా లేదు. రాళ్ళ బాటన పోయే బండిలో కూర్చుని రాసినట్టుంది. పోయిన బక్రీద్‌కు వచ్చినప్పుడు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నావు. చలి లేదు, ఏమీ లేదు, వీడేమిటి ఇట్లా అనుకుని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. ఏమైంది?

పొట్టేలు గురించి. మీ బావ చనిపోయిన నలభై రోజులకు దీన్ని తెచ్చాను, అప్పటికి ఇంకా పాలు తాగే పిల్ల. సీసాతో పట్టాను. ఇప్పుడు రెండు పెద్ద పళ్ళు వచ్చాయి. కొమ్ము విరగలేదు, చెవి చిరగలేదు, కాలు కుంటదు. నువ్వే చెప్పావుగా, ఇవన్నీ చూసుకోమని. రోజూ చూసుకుంటున్నాను. నువ్వు వచ్చినప్పుడల్లా అవిసాకు పెట్టేవాడివి. ఇప్పటికీ ఎవరైనా తెల్ల చొక్కా వేసుకుని వాకిట్లోకి వస్తే జేబు దగ్గర మూతి పెడుతుంది.

ఆత్మకూరు మనిషి నాకు అక్కర్లేదు. అక్కడివాళ్ళు పండగనాడు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పరుగెత్తుతూ చేస్తారు. జంతువుకు నీళ్ళు పెట్టారో లేదో చూసే తీరిక ఉండదు. నాయన చేయి నీకు వచ్చింది. మీ బావ పేరు మీద ఇచ్చేది ఆ చేత్తోనే ఇవ్వాలి.

నిజం రాయి.

అక్క
మాబున్నీ


మనలి, చెన్నై
5-3-1999

అక్కకు సలాం.

ఇది కూడా వరదయ్యగారి రాతే. ఆయనకు అన్నీ తెలుసు, కాబట్టి దాచేది లేదు. నీకు మాత్రం అబద్ధం రాశాను. వేలు తెగలేదు.

పోయిన ఏడు బక్రీద్ ముందు నుంచే మొదలైంది. ముందు ఖాళీగా ఉన్నప్పుడు చూపుడువేలు ఒకటే అదిరేది. తర్వాత గ్లాసు, తర్వాత చొక్కా గుండీలు. ఇప్పుడు కుడిచెయ్యి దేన్నైనా పట్టుకోబోతే ముందుగా అదే పరుగెత్తుతుంది. పెద్దాసుపత్రిలో చూపించాను. డాక్టరు కాగితం మీద గుండ్రంగా ఒక సున్నా గీయమంది. గీశాను. ఆమె దాన్ని చూసి ఫైల్లో పెట్టుకుంది. నరాల జబ్బు అట. మాత్రలు వేసుకుంటే కొంచెం అణిగి ఉంటుంది, పోదు. "ఏం పని చేస్తారు?" అని అడిగింది. చెప్పాను. "ఎడమచేత్తో చెయ్యగలరా?" అంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ పని, అక్కా. నవ్వొచ్చింది, అంతలోనే ఏడుపూ వచ్చింది.

కొట్టులో జబా పని జిలానీ అనే మనిషి చూస్తున్నాడు. నాకు భుజం నొప్పి అని చెప్పాను. నేను తూకం దగ్గర కూర్చుంటున్నాను. తెలిసింది జైనాబీకి, వరదయ్యగారికి, ఇప్పుడు నీకు.

బక్రీద్ సంగతే నాకు భయంగా ఉంది. మిగతా మూడు వందల అరవై రోజులూ నేను మాంసం కొట్టు నాయబ్‌ని. ఆ మూడు రోజులు మాత్రం జనం నన్ను గుమ్మం దాకా వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతారు. కోడంబాక్కంలో అజీజ్ మేస్త్రి అని, సినిమా స్టూడియోలకు దుస్తులు కుట్టే ఆయన. మన కావలి వైపు వాళ్ళే. వాళ్ళమ్మకు ఎనభై దాటాయి. ఆమె పోయిన వారం మనిషిని పంపింది. "నాయబ్ వస్తేనే మా ఇంట్లో ఖుర్బానీ, ఆ చేయైతే జీవానికి తెలిసేలోపలే అయిపోతాది" అన్నదట. వస్తానని చెప్పి పంపాను. రానని చెప్పడానికి నోరు రాలేదు. మిగతా ఇళ్ళకు జిలానీని కుదిర్చాను.

నాయన మనకు ఏం నేర్పాడు? కత్తి జంతువు కళ్ళ ముందు నూరకూడదు. ఒకదాని ఎదుట ఇంకోదాన్ని కోయకూడదు. కడుపు నిండా నీళ్ళు పెట్టాలి. పడమటికి, ఖిబ్లా వైపు మెడ తిప్పి, బిస్మిల్లా అని ఒక్కసారే. రెండోసారి కత్తి ఆడించాల్సి వస్తే ఆ పాపం జంతువుది కాదు, చేతిది అనేవాడు.

ఆ చేయి నాకిప్పుడు లేదు. నీ పొట్టేలు దగ్గరికి నన్ను పిలవకు.

వరదయ్యగారు కలం కింద పెట్టేశారు. "ఇదంతా రాసేదా నాయబ్? అక్క ఏడుస్తాదే" అంటున్నారు. రాయమన్నాను.

నాయబ్


బట్టేపాడు
13-3-1999

నాయబ్‌కు అక్క దీవెనలు.

ఏడవలేదు. కోపం వచ్చింది. ఏడాది పాటు ఇంత బరువు మోసుకుంటూ తూకం దగ్గర కూర్చున్నావు, నాకు మాట చెప్పలేదు. మన ఇద్దరికీ ఇంకెవరున్నారు?

నువ్వు చెప్పినవన్నీ చదివాను, మళ్ళీ చదివాను. అయినా నువ్వు రావాలి. ఎందుకంటే, రాకపోతే ఇక నువ్వు ఎప్పుడూ కత్తి పట్టవు. ఇది నాకు తెలుసు. నా వాకిట్లో నిన్ను చూసేవాళ్ళు ఉండరు. మన ఊళ్ళో మనవాళ్ళవి నాలుగిళ్ళు, మిగతా మూడిళ్ళ వాళ్ళూ పండక్కి ఆత్మకూరులో బంధువుల దగ్గరికి పోతారు. ఉండేది నేను, నువ్వు, అది. నీ మణికట్టు నేను పట్టుకుంటాను. చిన్నప్పుడు నాయన నీ చేతిమీద చెయ్యేసి నేర్పలేదా? అట్లాగే. బిస్మిల్లా ఇద్దరం చెబుదాం. ఆ జంతువు నిన్ను ఎరుగును. నీ దగ్గర బెదరదు.

ఈ వారంలో నెలవంక కనిపిస్తుంది. కనిపించిన నాటి నుంచి ఖుర్బానీ అయ్యేదాకా గోళ్ళు తీయను, వెంట్రుక కత్తిరించను. ఇన్నేళ్ళూ వేరేవాళ్ళు ఇట్లా ఉండడం చూడడమే, నాకు ఆ భాగ్యం ఇదే మొదలు. మాంసం మూడు పాళ్ళు చేసి ఎవరెవరికి ఇవ్వాలో కూడా మనసులో అనుకున్నాను. మీ బావకు టైలరు పనిలో సాయం ఉండిన మాదయ్య మాంసం తింటాడు, అతనికి తొడ ముక్క.

ఆత్మకూరు మనిషిని నేను పిలవను. నువ్వు వస్తావు. పండగ సోమవారం అంటున్నారు. మంగళవారం పొద్దున నెల్లూరు బండి ఎక్కితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావు.

మాత్రలు మానకు.

అక్క


మనలి, చెన్నై
21-3-1999

అక్కకు సలాం.

నీ ఉత్తరం జైనాబీకి చదివి వినిపించాను. అది "పోయి రా, ఆమె చెప్పిందే నిజం" అంది.

సరే. సోమవారం అజీజ్ మేస్త్రి ఇంట్లో ఒక్కటి చేస్తాను. మంగళవారం పొద్దున బండి ఎక్కుతాను. ఇది మాట.

పది రోజులుగా మాత్ర వేసుకుని, గంట ఆగి, అరటి బోదె మీద సాధన చేస్తున్నాను. నిన్న మూడుసార్లలో రెండుసార్లు కత్తి నేరుగా పోయింది. వరదయ్యగారు గోడ అవతల నుంచి చూసి, "పోవుదే, బాగానే పోవుదే!" అని అరిచారు. మాంసం గిట్టని మనిషికి కత్తి నేరుగా పోతే ఇంత సంతోషమా అని నవ్వుకున్నాను. చాలా రోజుల తర్వాత నవ్వాను.

పొట్టేలుకు ముందు రోజు సాయంత్రం నుంచి మేత తగ్గించు, నీళ్ళు మాత్రం పెట్టు.

నాయబ్


మనలి, చెన్నై
31-3-1999, బుధవారం మధ్యాహ్నం

అక్కా,

సలాం రాయడానికి కూడా నాకు మొహం లేదు. ఈపాటికి నువ్వు వాకిట్లో కూర్చుని బస్సు చప్పుడు వింటూ ఉంటావు. ఈ కాగితం నీకు చేరేసరికి పండగ అయిపోయి ఉంటుంది. అయినా చెప్పాలి.

సోమవారం నమాజ్ అయ్యాక కోడంబాక్కం పోయాను. మాత్ర వేసుకున్నాను. మణికట్టుకు గుడ్డపట్టీ గట్టిగా చుట్టి, చొక్కా చెయ్యి కిందికి దించాను. అజీజ్ మేస్త్రి గుమ్మంలోకి వచ్చి కౌగిలించుకున్నాడు. ఇంటినిండా పిల్లలు, కొత్త బట్టలు. పెద్దామెను కుర్చీలో వాకిట్లోకి తెచ్చి కూర్చోబెట్టారు. "వచ్చినావా నాయనా, నువ్వు వస్తావని పొద్దున్నించీ దీన్ని ఎవురినీ ముట్టనీలే" అంది. నల్లమేక. మంచి జాతి. మేస్త్రి, వాళ్ళ బావమరిది పట్టుకున్నారు. పడమటికి తిప్పాను. ఎవరి పేరు మీద అని అడిగాను. "అమ్మ పేరు మీద" అన్నాడు.

బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అన్నాను.

చెయ్యి ఎగిరింది అక్కా. కత్తి ఆనించిన క్షణాన ఎవరో మోచేతిని కొట్టినట్టు ఎగిరింది. సగమే తెగింది. ఆ మేక అరిచింది. నా జీవితంలో నా చేతికింద ఏ జంతువూ అట్లా అరవలేదు. తన్నుకుని లేచింది. పట్టుకున్నవాళ్ళు జారిపోయారు. నాలుగు అడుగులు నడిచింది. పిల్లల బట్టల మీద రక్తం పడింది, వాళ్ళు కేకలు పెట్టి లోపలికి పరుగెత్తారు. నేను కత్తి పట్టుకుని నిలబడే ఉన్నాను. చెయ్యి ఇంకా ఆడుతూనే ఉంది. పట్టీ ఊడి వేలాడుతోంది. అందరూ చూశారు.

బావమరిది నా చేతిలోంచి కత్తి లాక్కుని పూర్తిచేశాడు. హలాలే, ఏమీ ఫరవాలేదు అని మేస్త్రి పదిసార్లు అన్నాడు. నేను మేక పక్కన కూర్చుని అది చల్లబడేదాకా మెడమీద చెయ్యి వేసి ఉన్నాను. దానికి క్షమాపణ ఎట్లా చెప్పాలో నాయన మనకు నేర్పలేదు.

 పెద్దామె కోడలి చేత చెంబు తెప్పించి, తానే వంగి నా చేతిమీద నీళ్ళు పోసింది. "కడుక్కో నాయనా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మంగళవారం పొద్దున సెంట్రల్‌కు పోయాను. మాట ఇచ్చాను కదా. టికెట్ తీసుకున్నాను. కత్తి సంచి ఒళ్ళో పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. బండి వచ్చింది. జనం ఎక్కారు. నీ పొట్టేలు నా జేబు దగ్గర మూతి పెట్టడం కళ్ళ ముందు కనిపించింది. లేవలేకపోయాను. బండి పోయింది. ఇంకోటి ఉందిలే అనుకున్నాను. అదీ వచ్చింది, పోయింది. తంతి ఇద్దామని లేచాను. ఏమని ఇవ్వాలి? వస్తున్నానని ఇవ్వలేను, రాలేనని ఇవ్వడానికి చేతులు రాలేదు. మీ ఊరి పోస్టాఫీసుకు ఫోను చేశాను, మోగుతూనే ఉంది, ఎవరూ తీయలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఇంటికి వచ్చేశాను. ఈ రోజు పొద్దున కూడా సంచి తీశాను. గుమ్మం దాటలేదు.

ఇబ్రహీం నబీ కొడుకు మెడమీద కత్తి పెడితే అది తెగలేదని, ఆకాశం నుంచి పొట్టేలు దిగిందని చిన్నప్పుడు విన్నాం. నా కత్తి తెగనప్పుడు ఏదీ దిగలేదు. ఒక మేక ఊరికే బాధపడింది, అంతే.

వరదయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. ఎవరినైనా పిలిపించుకో అక్కా, ఖుర్బానీకి ఈ రోజు పొద్దుగూకే దాకా గడువుంది అని రాయమనబోయి ఆగాను. ఈ ఉత్తరం నీకు ఈ రోజు అందదు కదా.

నాయబ్


బట్టేపాడు
2-4-1999

నాయబ్‌కు,

నీ దగ్గర నుంచి ఏ కబురూ లేదు. నీకేమైనా అయిందేమో అని ఒక పక్క భయం, ఒక పక్క కోపం. బతికి ఉంటే జవాబు రాయి.

సోమవారం ఎట్లాగో గడిచింది. మంగళవారం తెల్లారేసరికి వాకిలి అలికాను. గుంట తవ్వించాను. పొట్టేలుకు స్నానం చేయించి, కొమ్ములకు నూనె రాశాను. మొదటి బస్సుకు రాలేదు. రెండో బస్సుకు రాలేదు. ఆఖరి బస్సు కండక్టరు నన్ను చూసి, "ఏం పెద్దమ్మా, ఎవురన్నా రావాల్నా?" అని అడిగాడు. నా తమ్ముడు, మద్రాసు నుంచి అన్నాను.

బుధవారం కూడా అంతే. మధ్యాహ్నం బస్సు పోయాక ఇక లాభం లేదని మాదయ్యను సైకిలు మీద ఆత్మకూరు పంపాను, ఎవరినైనా వెంటబెట్టుకు రమ్మని. పన్నెండు మైళ్ళు. మొదటి ఇద్దరూ దొరకలేదట. మూడో ఆయన అలసిపోయి పడుకుని ఉంటే లేపి, బతిమాలి, సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. దారిలో టైరు పంక్చరైంది. వాళ్ళు ఊరి పొలిమేరకు వచ్చేసరికి పొద్దు పూర్తిగా దిగింది. ఆ మనిషి వాకిట్లోకి వచ్చి ఆకాశం వైపు చూసి, "అమ్మా, మగ్రిబ్ అయిపోయింది. ఇప్పుడు చేస్తే మాంసమే అవుతుంది, ఖుర్బానీ కాదు" అన్నాడు. ఇంత టీ తాగి వెళ్ళిపోయాడు. ఆయన తప్పేముంది?

గురువారం నేనే పోయి పేష్ ఇమాంగారిని అడిగాను. ఖుర్బానీ కోసమని అనుకున్న జంతువు గడువు దాటిపోతే దాన్ని ప్రాణంతోనే పేదవాళ్ళకు ఇచ్చెయ్యాలి అన్నాడు. కోసి తినకూడదు, ఉంచుకోకూడదు. వచ్చే ఏడు దీన్నే ఇవ్వొచ్చా అని అడిగాను. కుదరదన్నాడు. నా ఆయన పేరు మీద అనుకున్నది, ఆయనకు ఏమైనా చేరుతుందా అని అడిగాను. "దాన ఫలం చేరుతుంది. మిగతాది అల్లాకు తెలుసు" అన్నాడు.

నిన్న సాయంత్రం దర్గా పక్క గుడిసెలో ఉండే సైదమ్మకు ఇచ్చాను. మొగుడు లేడు, చూపు సరిగా లేదు, ఇద్దరు మనవరాళ్ళు. తాడు ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను. వెనక్కి చూడలేదు. అరుపు మాత్రం వినిపిస్తూనే ఉంది.

గోళ్ళు ఇంకా తీయలేదు. ఇక తీయొచ్చో లేదో అడగడం మరచిపోయాను.

మాట ఇచ్చావు కదరా.

మాబున్నీ


మనలి, చెన్నై
14-4-1999

అక్కకు సలాం.

ఈలోగా నా ఉత్తరం నీకు అందే ఉంటుంది. నీది ఆరో తేదీన వచ్చింది. వరదయ్యగారు చదువుతూ టైరు పంక్చరు దగ్గర ఆగిపోయారు. "అయ్యో, అయ్యయ్యో" అని రెండుసార్లు అన్నారు. 

కోడంబాక్కం సంగతి మనలి దాకా వచ్చేసింది. ఎవరూ ముఖాన అనరు. కొట్టు దగ్గరికి వచ్చి నా చెయ్యి వైపు చూసి, వెంటనే తల తిప్పుకుని జిలానీని అడుగుతారు. నిన్న పొట్లం కడుతుంటే ఒకామె "పర్వాల్లా భాయ్, అతన్ని కట్టమను" అంది. దయగానే అంది. కొట్టు జిలానీకే అప్పగించేశాను. నేను పొద్దున వరదయ్యగారి లారీ ఆఫీసులో వచ్చే బండ్ల నంబర్లు పిలిచే పని చేస్తున్నాను. ఆయనే ఇప్పించాడు. నోటితో చేసే పని. నేను నంబరు అరిస్తే ఆయన రాసుకుంటాడు.

అన్నం జైనాబీ కలిపి పెడుతోంది. ఎవరైనా ఇంటికి వస్తే ఆకలి లేదంటాను.

మందు మార్చారు. ఈ మందుతో తల తిరుగుతోంది, చెయ్యి మారలేదు. డాక్టరమ్మ మళ్ళీ సున్నా గీయించింది. పోయినదాని పక్కన పెట్టి చూసింది.

అక్కా, బావకు చేరాల్సింది నా వల్ల చేరలేదు. రెండేళ్ళు నువ్వు సీసాతో పట్టి పెంచింది నా వల్ల వేరే గుడిసెకు పోయింది. నేను రానని ముందే తెగేసి చెప్పి ఉంటే నువ్వు ఎవరినో ఒకరిని కుదుర్చుకునేదానివి. వస్తానని చెప్పడమే నా తప్పు. నువ్వు నన్ను ఏమన్నా పడతాను. పండగ నాడు ఆ పెద్దామెలాగా చేతిమీద నీళ్ళు మాత్రం పోయకు. తిట్టు.

నాయబ్


బట్టేపాడు
27-4-1999

నాయబ్‌కు అక్క దీవెనలు.

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివాక వారం రోజులు కలం పట్టలేదు. ఆ మేక సంగతి చదివి, ప్లాట్‌ఫారం సంగతి చదివి, నేను నీకు రాసిన ఉత్తరం వెనక్కి లాక్కుందామనిపించింది. మాట ఇచ్చావు కదరా అని రాశాను. ఆ మాట నీ నోట్లోంచి గుంజుకున్నది నేనే.

పొట్టేలు గురించి అడగలేదు నువ్వు. చెబుతాను. సైదమ్మ దాన్ని పది రోజులు కట్టేసుకుంది. మేత పెట్టలేక, పిల్లలకు బియ్యం లేక, శనివారం సంతకు తోలించి అమ్మేసింది. నెల్లూరు కొట్టువాళ్ళెవరో కొన్నారట. ఆమెది కాబట్టి అమ్ముకుంది, అడిగే హక్కు నాకు లేదు. నాకు ఎదురుపడి, "అమ్మేసినానమ్మా, తిండికి లేక. కోపమా?" అంది. కోపం లేదన్నాను. ఏ చేత్తో, ఎట్లా అయిందో దానికి, నీళ్ళు పెట్టారో లేదో, నీకూ నాకూ ఎప్పటికీ తెలియదు.

ఇప్పటిదాకా నేను నీకు రాయనిది ఒకటి ఉంది. ఇమాంగారికి చెప్పలేదు, మాదయ్యకు తెలియదు.

బుధవారం మాదయ్య సైకిలెక్కి పోయాక నేనూ అదీ మాత్రమే ఉన్నాం. ఇంకా పొద్దు చాలా ఉంది. నాయన వాడిన చిన్న కత్తి మన ఇంట్లోనే ఉంది, నీకు తెలుసు. తీశాను. వెనకింట్లోకి పోయి, అది చూడకుండా నూరాను. తలవెంట్రుక పెట్టి చూశాను, తెగింది. ఆడది జబా చేస్తే చెల్లదని ఎక్కడా లేదు. నాయనే చెప్పాడు నాకు, నువ్వు పుట్టకముందు, కోళ్ళు నా చేతే కోయించేవాడు. "నీ చెయ్యి నిదానం బిడ్డా" అనేవాడు. నువ్వు పుట్టాక నన్ను ఇంట్లోకి పంపేశాడు. నేను పొట్టేలు కాళ్ళు కట్టాను. పడుకోబెడితే పడుకుంది, నా మోకాలి మీద తల పెట్టి. పడమటికి తిప్పాను. మీ బావ పేరు మనసులో అనుకున్నాను.

నోరు తెరిస్తే బిస్మిల్లా రాలేదు.

సీసాతో పాలు తాగిన మూతి అది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నీడ మంచం కోడు దాటి గోడెక్కింది. మాదయ్య వస్తాడేమో, నువ్వు వస్తావేమో, ఎవరో ఒకరు వచ్చి ఈ పని నా మీద నుంచి తీసేస్తారేమో అని చూస్తూ కూర్చున్నాను. చివరికి కట్లు విప్పేసి, కత్తి చూరులో పెట్టేసి, వాళ్ళు వచ్చేసరికి గుమ్మంలో నిలబడి, ఇంత ఆలస్యమా అని మాదయ్య మీద అరిచాను. పాపం, రొప్పుతున్నాడు.

అందుకే నిన్ను తిట్టలేను నాయబ్. నీకు చెయ్యి వణికింది. నా చెయ్యి వణకలేదు. స్థిరంగా ఉంది, కత్తి పదునుగా ఉంది, గడువు ఉంది. అయినా చెయ్యలేదు.

మీ బావ కల్లోకైనా వస్తాడేమో, ఏమంటాడో అని చూస్తున్నాను. ఇంకా రాలేదు.

అక్క
మాబున్నీ